కార్డు చెల్లని వారంలో అమ్మ తుంటి ఆపరేషన్

2025 అక్టోబర్‌లో మా అమ్మ పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. సరిగ్గా అప్పుడే, ఆ నెల 10వ తేదీ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ప్రభుత్వం నుంచి 2,500 కోట్లకు పైగా బకాయిలు రావాలని, అవి తేలేదాకా కేసులు తీసుకోమని వాళ్ల సంఘం ప్రకటించింది. పథకం అసలు పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. మా ఊళ్లో మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా ఆరోగ్యశ్రీ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

ఇందులో ఆసుపత్రుల పేర్లు చెప్పను. ఆ రోజుల్లో ఏ ఊళ్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా దాదాపు ఇదే జరిగేది. నేను చెప్పదలచుకున్నది ఒక ఆసుపత్రి గురించి కాదు, ఆ ఏర్పాటు గురించి.

మాది మార్కాపురం దగ్గర పల్లె. అమ్మకి 67 ఏళ్లు. పడ్డ చోటు నుంచి లేవలేకపోయింది. కుడికాలు కాస్త పొట్టిదైనట్టు, పాదం పక్కకి తిరిగిపోయినట్టు కనిపించింది. ఊళ్లో ఆర్‌ఎంపీ చూడగానే "ఇది తైలంతో పోయేది కాదు, 108కి ఫోన్ కొట్టండి" అన్నాడు. మా బాబాయి మాత్రం పుత్తూరు తీసుకుపోదాం, అక్కడ కట్టు కడితే నెలలో నడుస్తుందని పట్టుబట్టాడు. ఏరియా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసిన కుర్ర డాక్టరు ఆ మాట విని ఫిల్మ్‌ని లైటుకి పెట్టి మా అందరికీ చూపించాడు. తొడ ఎముక పైన బంతిలా ఉండే భాగానికి కింద మెడలాంటిది ఉంటుంది, అది పూర్తిగా తెగిపోయింది. "ఇది కట్లతో అతికేది కాదండీ. ఈ వయసులో తుంటి విరిగితే వీలైనంత వరకు రెండు రోజుల్లో ఆపరేషన్ అయిపోవాలి. మంచం మీద ఎన్ని రోజులుంటే అంత ప్రమాదం. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, వీపు మీద పుండ్లు పడతాయి" అని చెప్పాడు. పెద్దాసుపత్రికి రాసిస్తానన్నాడు.

మేము ప్రైవేటుకే వెళ్లాం. దానికి కారణం ఉంది. మా బావకి గుండెలో స్టెంట్లు ఆరోగ్యశ్రీ మీదే ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో వేశారు. ఏసీ వార్డు, శుభ్రమైన దుప్పటి, డిశ్చార్జ్ రోజున దారి ఖర్చులు కూడా చేతిలో పెట్టి పంపారు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ పథకం మొదలైనప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. అంతకు ముందు గుండె జబ్బు అంటే పొలం అమ్మడమో, చావు కోసం ఎదురుచూడడమో అన్నట్టుండేది మా దగ్గర. ఈ పథకం వల్ల బతికిన మనుషులు మా వీధిలోనే ఉన్నారు. కాబట్టి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. దాని కింది ఏర్పాటు ఎలాంటిదో మాత్రం ఈసారి దగ్గరగా చూశాను.

9వ తేదీ సాయంత్రం పట్నంలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో అమ్మని చేర్చాం. రిసెప్షన్ పక్కనే, పథకం కేసులు చూసే ఆరోగ్యమిత్ర డెస్క్. ఒక అమ్మాయి, ఒక కంప్యూటర్, ఒక వేలిముద్ర యంత్రం. రైస్ కార్డు, ఆధార్ చూపించాక "పెద్దమ్మ వేలు పెట్టించండి అన్నా" అంది. అమ్మ ఇరవై ఏళ్లకు పైగా పలకల ఫ్యాక్టరీలో చేసింది. రాయి రుద్ది రుద్ది వేళ్ల మీద గీతలే మిగల్లేదు. రేషన్ షాపులోనూ ప్రతి నెలా ఇదే తంతు. బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చూపుడు వేలు పెడితే ఎర్ర లైటు. ఆ అమ్మాయి యంత్రాన్ని తీసుకుని స్ట్రెచర్ దగ్గరికి వచ్చి, అమ్మ వేలిని తన చున్నీతో తుడిచి, కాస్త కొబ్బరినూనె ఉంటే రాయమని, మళ్లీ నొక్కించి చూసింది. కుదరలేదు. ఇక ఓటీపీ. ఆధార్‌కి ఇచ్చిన నంబరు హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి దగ్గరుంది. చెల్లి డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తదు. ఎత్తేసరికి ఓటీపీ గడువు అయిపోయింది, మళ్లీ పంపించాలి. ఈలోగా అమ్మ "నొప్పి తగ్గే సూది అయినా వేయించరా" అని నన్ను తిడుతోంది. చివరికి ఆ ఆరంకెలు పడ్డాయి. ఫొటో తీశారు, ఎక్స్‌రే స్కాన్ చేసి ఎక్కించారు. "కేసు రైజ్ అయింది అన్నా, అప్రూవల్ రావాలి" అంది ఆ అమ్మాయి. పాపం ఆ అమ్మాయి ఓపికకి దండం పెట్టాలి.

రాత్రి పీఆర్వో ఒకాయన వచ్చి, ప్యాకేజీలో, అంటే ఆపరేషన్‌కి పథకం కట్టే మొత్తంలో, వేసే ఇంప్లాంట్ మామూలుదని, ఇంపోర్టెడ్ కావాలంటే నలభై వేలు తేడా కట్టుకోవచ్చని చెప్పి వెళ్లాడు. ఈ పథకంలో పేషెంటు దగ్గర ఏమీ తీసుకోకూడదనేది నిబంధన. ఆ మాట అంటే "బలవంతం ఏం లేదు సార్, మీ అమ్మగారి కోసమే చెప్పా" అన్నాడు. అమ్మ పేరు చెప్పి అడిగితే ఏ కొడుకైనా ఒక నిమిషం ఆగుతాడు. వాళ్లకీ ఆ సంగతి తెలుసు.

పొద్దున కిందకి వెళ్తే డెస్క్ దగ్గర ఆ అమ్మాయి లేదు. కంప్యూటర్ మీద బట్ట కప్పి ఉంది. బల్లకి ఒక ఏ4 కాగితం అంటించారు: 'ఎన్టీఆర్ వైద్య సేవ సేవలు తాత్కాలికంగా నిలిపివేయబడినవి. రోగులు సహకరించగలరు.' సహకరించడం అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. డెస్క్ చుట్టూ మాలాంటి వాళ్లే. ఒకాయన డయాలసిస్‌కి వచ్చాడు, ఒకామె కీమో మూడో డోసు కోసం తెల్లవారుజామున బస్సెక్కి వచ్చింది.

బిల్లింగ్ కౌంటర్‌లో అడిగితే ఎస్టిమేషన్ చీటీ ఇచ్చారు. లక్షా ఎనభై ఐదు వేలు. మందులు అదనం. "క్యాష్ అయితే మధ్యాహ్నమే స్లాట్ ఉంది సార్, డాక్టర్ గారు కూడా ఉన్నారు" అన్నాడు కౌంటర్ అబ్బాయి. అదే థియేటర్, అదే డాక్టరు, అదే విరిగిన ఎముక. రాత్రి పన్నెండు గంటల దాకా ఇది ఆరోగ్యశ్రీ కేసు. తెల్లారేసరికి ఇది లక్షా ఎనభై ఐదు వేల కేసు.

ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లి గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. తన జీతం కూడా కొన్ని నెలలుగా ముక్కలు ముక్కలుగానే ఇస్తున్నారని, ఇంప్లాంట్లు సరఫరా చేసేవాడు పాత బాకీ తీరిస్తే తప్ప కొత్తవి పంపనంటున్నాడని, సిస్టర్లు మానేస్తున్నారని చెప్పాడు. "నేనైతే చేస్తానండీ, కానీ చేయడానికి వస్తువు ఎక్కడిది?" అన్నాడు. అబద్ధం చెప్తున్నట్టు నాకనిపించలేదు. పెద్ద కార్పొరేట్ల సంగతి వేరు, జిల్లాల్లో యాభై, వంద పడకల ఆసుపత్రులు చాలా వరకు ఈ బిల్లుల మీదే నడుస్తాయి. ఇది ఒక్క ప్రభుత్వం పాపం కూడా కాదు. 2024 మే నెలలో, వేరే ప్రభుత్వం ఉన్నప్పుడు కూడా, బకాయిల కోసం ఇలాగే సేవలు ఆపారు. తెలంగాణలోనూ 2025 సెప్టెంబర్‌లో ఇదే జరిగింది.

అందుకే నాకు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో అర్థం కాలేదు. ప్రభుత్వం ఆసుపత్రికి డబ్బివ్వాలి. ఆసుపత్రి ప్రభుత్వం నుంచి వసూలు చేసుకోవాలి. ఆ తగాదాలో మా అమ్మ ఎక్కడా లేదు. కానీ తగాదా ముదిరిన రోజు ఆగిపోయేది మాత్రం ఆమె ఆపరేషనే. ఆసుపత్రి తన నష్టాన్ని మా మీదకి నెట్టగలదు. మేము దాన్ని ఎవరి మీదకి నెట్టాలి?

మిర్చి నాట్లకి అప్పటికే అప్పు తెచ్చి ఉన్నాను. బావ రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానన్నాడు. చెల్లి బంగారం పెడతానంది. అమ్మ ఇదంతా మంచం మీద నుంచే విని "ఎందుకురా ఈ గోల, పెద్దాసుపత్రికి పోదాం పద. నిన్ను కన్నది అక్కడేగా, చచ్చానా?" అంది. ఆ మాటతో తేలిపోయింది.

బయటపడటం కూడా సులువు కాలేదు. ఒక రాత్రికి గది, రక్త పరీక్షలు, ఎకో కలిపి పద్నాలుగు వేల చిల్లర కట్టాకే రిపోర్టులు చేతికిచ్చారు. వైద్యుల సలహాకి విరుద్ధంగా మా ఇష్టపూర్వకంగానే తీసుకెళ్తున్నామని ఒక ఫారం మీద సంతకం పెట్టించుకున్నారు. ఇష్టపూర్వకంగా అన్న చోట కొట్టేస్తానంటే కుదరదన్నారు. గేటు బయట ప్రైవేటు అంబులెన్స్ అతను అదే ఊళ్లో ఆరు కిలోమీటర్లకి మూడు వేలడిగాడు. బేరమాడితే రెండు వేలకి దిగాడు.

ఇక పెద్దాసుపత్రి. దీన్ని నేను అందంగా చూపించబోవడం లేదు. క్యాజువాలిటీ ముందు స్ట్రెచర్ దొరకడానికి అరగంట పట్టింది. తోసుకెళ్లిన అతను వార్డు గుమ్మం దగ్గర ఆగి చెయ్యి చాపాడు, వంద ఇచ్చాను. ఆర్థో ఆడవాళ్ల వార్డులో మంచాలు నిండిపోయి మధ్య దారిలో కూడా పరుపులు వేసి ఉన్నాయి. మొదటి రాత్రి అమ్మకి నేల మీద పరుపే. మర్నాడు మంచం దొరికింది. కాలు కదలకుండా పట్టీ వేసి, తాడు కట్టి, మంచం చివర బరువుకి ఒక ఇటుక వేలాడదీశారు. ఆ ఇటుకని చూసి చెల్లి ఏడ్చింది. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టరమ్మ "బరువు ఎంత ఉండాలో తూచే కట్టామమ్మా, ఇటుక అయితే ఏంటి, ఇనుము అయితే ఏంటి, పనిచేసేది బరువే కదా" అంది. నవ్వొచ్చింది కానీ, ఆమె చెప్పింది నిజమే. నొప్పి ఆ పూట నుంచే తగ్గింది.

ఆ డాక్టరమ్మ రెండు రోజులుగా ఇంటికి వెళ్లలేదని సిస్టర్ చెప్పింది. అర్ధరాత్రి కూడా కేసులు దిగుతూనే ఉన్నాయి. ప్రైవేటులో కాదన్న వాళ్లంతా ఇక్కడికే. బైక్ యాక్సిడెంట్లు, ఏడెనిమిది రోజుల కిందట విరిగి అప్పు పుట్టక ఆగిన ఎముకలు. "ఇంత మందిని ఎలా చూస్తున్నారు మేడమ్?" అని ఊరికే అడిగాను. "పొమ్మనడానికి మాకు గేటు లేదు కదండీ" అంది ఆమె, రాస్తున్న కేస్ షీట్ మీద నుంచి తల ఎత్తకుండానే.

ఆపరేషన్ రెండు రోజుల్లో కాలేదు. అమ్మకి బీపీ ఎక్కువగా ఉంది, మత్తు డాక్టర్లు ఫిట్‌నెస్ ఇవ్వలేదు. మా యూనిట్‌కి థియేటర్ వారంలో కొన్ని రోజులే. ముందు లైన్‌లో ఉన్నవాళ్లు చాలామంది. వారం దాటింది. మూడో నాటికి అమ్మకి దగ్గు మొదలైంది, ఏరియా ఆసుపత్రి డాక్టరు చెప్పిన నెమ్ము ఇదేనేమోనని నాకు నిద్ర పట్టలేదు. ఫిజియోథెరపీ ఆమె వచ్చి బెలూన్ ఊదించినట్టు ఊపిరి పీల్చి వదిలే వ్యాయామం నేర్పింది. పక్క మంచం వినుకొండ అక్క, కూలి పనిలో ట్రాక్టర్ మీద నుంచి పడి కాలు విరిగిన మనిషి, అమ్మ ఆ వ్యాయామం చేసిందో లేదో నాకంటే గట్టిగా అజమాయిషీ చేసేది.

బాత్రూముల గురించి రాయకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. ఘోరం. ఒక రోజు ఉండబట్టలేక ఊడ్చే ఆమె మీద అరిచాను. ఆమె చీపురు గోడకి ఆనించి, "నువ్వు అరిచెయ్యి నాయనా, అరిస్తే మాకూ ఆళ్లు ఇంకో ఇద్దరిని ఇస్తారేమో" అంది. ఆ అంతస్తుకి ఆ షిఫ్టులో ఆమె ఒక్కతే. ఆమె ఆసుపత్రి ఉద్యోగి కాదు. కాంట్రాక్టు ఏజెన్సీ మనిషి. జీతం ఏజెన్సీ ఇస్తుంది, ఎంతమందిని పెట్టాలో ఏజెన్సీ చూసుకుంటుంది. సెక్యూరిటీ కూడా అంతే. స్కానింగ్ గదిలోని యంత్రం కూడా ప్రైవేటు సంస్థదే, ప్రభుత్వం స్కాన్‌కి ఇంత అని వాళ్లకి కడుతుంది. 'ప్రభుత్వాసుపత్రి కంపు' అని మనం చెప్పుకునేదాంట్లో చాలా భాగం ఎప్పుడో బయటివాళ్లకి అప్పగించిన పనే. సిస్టర్లు, డాక్టర్లు చేసే పనికి మాత్రం ఆ వార్డులో నేను వంక పెట్టలేను.

ఇంకో సంగతి నాకు అక్కడే తెలిసింది. పెద్దాసుపత్రిలో కూడా ఆరోగ్యశ్రీ డెస్క్ ఉంటుంది. మళ్లీ అదే వేలిముద్ర, మళ్లీ అదే ఎర్ర లైటు, మళ్లీ చెల్లికి ఓటీపీ. కేసు ఇక్కడా రైజ్ చేస్తారు. తేడా ఏమిటంటే ఆ ప్యాకేజీ డబ్బు ప్రభుత్వాసుపత్రి ఖాతాకే వస్తుంది, దాంట్లోంచి పరికరాలు కొనుక్కుంటారు, కొంత భాగం డాక్టర్లకీ సిబ్బందికీ ప్రోత్సాహకంగా వెళ్తుంది. అంటే అదే రూపాయి ఇక్కడ ఖర్చయితే ఊరికి ఒక యంత్రం మిగులుతుంది. అలాంటప్పుడు పథకం మొదలైన ఇన్నేళ్లలో ఆ డబ్బులో పెద్ద వాటా బయటికి ఎందుకు వెళ్లినట్టు? ఇక్కడ మంచాలు చాలవు కాబట్టి. మంచాలు ఎందుకు చాలవు? డబ్బు అటు వెళ్లింది కాబట్టి. వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఇదే లెక్క తిప్పి తిప్పి వేసుకున్నాను, కొస దొరకలేదు.

బయటికి పంపిన వైద్యంలో ఇంకో రకం ప్రమాదం కూడా ఉంది, దాన్ని మన ప్రాంతం ఒకసారి చూసింది. ఆరోగ్యశ్రీ వచ్చిన తొలి సంవత్సరాల్లో అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేస్తున్నారన్న ఆరోపణలు పెద్ద ఎత్తున వచ్చాయి. పల్లెల్లో ముప్పై, ముప్పై ఐదేళ్ల ఆడవాళ్లకి కూడా ఆ ఆపరేషన్లు జరిగాయి. చివరికి దాన్ని ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. కేసుకి ఇంత అని లెక్కకట్టి డబ్బిస్తే కేసులు పుట్టుకొస్తాయి, డబ్బు ఆపితే అసలు కేసులు కూడా ఆగిపోతాయి. మా అమ్మ రెండో రకంలో ఇరుక్కుంది.

ఆపరేషన్ అయింది. విరిగిన బంతి తీసేసి లోహపు బంతి పెట్టారు, బైపోలార్ అంటారు. నడుముకి సూది ఇచ్చి చేశారు కాబట్టి అమ్మకి లోపల సుత్తి చప్పుడు వినిపించిందట, బయటికి వచ్చాక అదే పనిగా అందరికీ చెప్పింది. మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. వాకర్, కొన్ని మందులు, మా తిండి, చేతి చిల్లర తప్ప ఆపరేషన్‌కి మేము కట్టింది ఏమీ లేదు. ప్రైవేటులో ఒక్క రాత్రికి కట్టిన పద్నాలుగు వేలతో పోలిస్తే ఇక్కడ మొత్తం ఉన్నన్నాళ్లూ అందులో సగం కూడా కాలేదు. అక్టోబర్ నెలాఖరున ప్రభుత్వంతో చర్చలు కుదిరి ప్రైవేటు ఆసుపత్రులు మళ్లీ కేసులు తీసుకోవడం మొదలుపెట్టాయి. అప్పటికి మేము డిశ్చార్జ్ అయి ఇంట్లో ఉన్నాం.

ఇంటికి వస్తూ మార్కాపురం దగ్గర సగంలో ఆగిన మెడికల్ కాలేజీ గోడలు చూశాం. 2021లో శంకుస్థాపన చేసిన కాలేజీల్లో అదొకటి. రాష్ట్రంలో మొత్తం 17 కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు అన్నారు. విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో 2023లో తరగతులు మొదలయ్యాయి. మిగిలిన వాటిలో పదింటిని పీపీపీ పద్ధతిలో, అంటే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో పూర్తి చేయాలని 2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. తొలి విడతలో ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల. స్థలం, కట్టిన గోడలు ప్రభుత్వానివి. ముప్పై మూడేళ్ల లీజుకి ఇస్తారు, ఆ తర్వాత పొడిగించుకునే వీలూ ఉంది. ఓపీ ఉచితమని, పడకల్లో ఎక్కువ భాగం పేదలకే ఉంటాయని, ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు కాబట్టి త్వరగా పూర్తి కావాలంటే ఇదే దారి అని ప్రభుత్వం అంటోంది.

త్వరగా పూర్తి కావాలన్న మాట నన్ను ఊరిస్తుంది, దాచను. మార్కాపురంలోనే పెద్దాసుపత్రి ఉండి ఉంటే అమ్మని అంత దూరం తీసుకెళ్లే పనే ఉండేది కాదు. అయితే నా భయం ఒక్కటే. ఆ ఉచిత పడకల ఖర్చు ఆ సంస్థకి ఎలా వస్తుంది? ఆరోగ్యశ్రీ బిల్లుల ద్వారానే. ఆ బిల్లులు ఆగిన నెలలో ఆ పడకల సంగతేంటి? ఇప్పుడైతే ప్రైవేటు డెస్క్ మీద బట్ట కప్పినప్పుడు ఆరు కిలోమీటర్ల దూరంలో గేటు లేని ఆసుపత్రి ఒకటి ఉంది. పెద్దాసుపత్రినే అదే బిల్లుకి ముడిపెడితే, ఆ డెస్క్ మీద కూడా బట్ట కప్పితే, ఇక ఎక్కడికి పోవాలి? చిత్తూరు జిల్లా ఆసుపత్రిని చాలా ఏళ్ల కిందటే ఒక ప్రైవేటు వైద్య కళాశాలకి అనుసంధానం చేశారు. గుజరాత్‌లో భుజ్ ప్రభుత్వాసుపత్రిని 2009లోనే ఇలా ఇచ్చారు. కాబట్టి ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. వాటి లెక్కలు జనం ముందు పెట్టి మాట్లాడొచ్చు కదా.

ఈ పీపీపీకి వ్యతిరేకంగా కోటి సంతకాలని ప్రతిపక్షం వాళ్లు మా ఊరికీ వచ్చారు. సంతకం పెట్టాను. పెడుతూనే వాళ్లని కూడా ఒకటి అడిగాను. 2023లో మొదలైన కాలేజీల్లో సగం సీట్లే మామూలు ఫీజుకి ఇచ్చి, 35 శాతం సీట్లు ఏడాదికి 12 లక్షలకి, 15 శాతం ఎన్నారై కోటాలో 20 లక్షలకి పెట్టింది మీరే కదా, అది ప్రైవేటు కాదా అని. మా మేనకోడలు నీట్ రాస్తోంది కాబట్టి ఆ అంకెలు నాకు కంఠతా వచ్చు. వచ్చినాయన "అది వేరు అన్నా" అని పక్కింటికి వెళ్లాడు.

పీపీపీ నిర్ణయం జరిగిన ఆ 2025 సెప్టెంబర్‌లోనే ఇంకో నిర్ణయం కూడా జరిగింది. దాని మీద ఇంత గొడవ కాలేదు, నా దృష్టిలో కావాల్సింది. ఆరోగ్యశ్రీలో రెండున్నర లక్షల వరకు అయ్యే ఖర్చు బీమా కంపెనీల ద్వారా, ఆపైన 25 లక్షల వరకు పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు ద్వారా ఇస్తారట. ఆరు గంటల్లో అనుమతి వస్తుందంటున్నారు. 2007లో పథకం పుట్టింది కూడా బీమా కంపెనీతోనే. తర్వాత ట్రస్టు చేతికి వచ్చింది, ఇప్పుడు మళ్లీ బీమా. అమ్మ ఆపరేషన్ లాంటివన్నీ రెండున్నర లక్షల లోపే కాబట్టి మాలాంటి వాళ్ల పని ఇక బీమా కంపెనీతోనే. ప్రభుత్వం, ఆసుపత్రి అని రెండు పక్షాలుంటేనే అంత అయింది, ఇప్పుడు మూడో పక్షం. క్లెయిమ్ కాదంటే కంపెనీకి లాభం. బకాయిలు త్వరగా తీరొచ్చు, కాదనను. కానీ కాదన్న రోజు నేను ఎవరి ఆఫీసు ముందు కూర్చోవాలో ఇప్పటి నుంచే చెప్పమనండి. ఎమ్మెల్యేని అయినా నిలదీయొచ్చు, కాల్ సెంటర్‌ని నిలదీసినవాడు లేడు.

ఇలాంటి పరిస్థితి వస్తుందని కోరుకోను గానీ, వస్తే పనికొస్తాయని రెండు మాటలు. ఇంట్లో పెద్దవాళ్ల ఆధార్‌కి ఏ ఫోన్ నంబరు ఉందో ఇవాళే చూసుకోండి, ఆ ఫోన్ ఇంట్లోనే ఉండాలి. నెట్‌వర్క్ ఆసుపత్రిలో పథకం కింద చేరాక ఎవరైనా డబ్బడిగితే రసీదు అడగండి, 104కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. ఎక్స్‌రే ఫిల్ములు చేతిలో పెట్టుకోండి, రెండో ఆసుపత్రిలో అవే అడుగుతారు. వృద్ధుల తుంటి అయితే పుత్తూరు మాట ఎత్తొద్దు.

నవంబర్‌లో నాకు ఆ ప్రైవేటు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. పీఆర్వో, అదే గొంతు. మా మండలంలో ఉచిత వైద్య శిబిరం పెడుతున్నామని, బీపీ, షుగర్, గుండె పరీక్షలు ఫ్రీ అని, ఆరోగ్యశ్రీ కేసులు మళ్లీ తీసుకుంటున్నామని, ఊళ్లో వాళ్లని తీసుకొస్తే బస్సు కూడా వాళ్లే పంపుతారని చెప్పాడు. స్పీకర్‌లో పెట్టి ఉండటంతో అమ్మ వింది. "మజ్జలో ఆపేస్తే మళ్లీ ఎవరు దింపుతారో అడుగు" అంది. అడిగాను. అలా ఏమీ జరగదు సార్ అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసిస్తే ఊరంతటినీ ఎక్కించి పంపుతానన్నాను. మేనేజ్‌మెంట్‌ని కనుక్కుని చెప్తానన్నాడు.